పెనుకొండ బడిలో ఆసియా చరిత్రము

మన బిడ్డలు బడిలో చదువు చరిత్రము వేఱు. ఇంటిలోను వీధిలోను చూచు చరిత్రము వేఱు. ధర్మవరములో మగ్గముల చప్పుడు వినుచు పెరిగిన బాలునకు పానిపట్టు యుద్ధములు జరిగిన సంవత్సరములు కంఠస్థముగా వచ్చును. ఫ్రెంచి విప్లవమునకు గల కారణములను వరుసపెట్టి వ్రాయగలడు. కాని తన తండ్రి పడుగునకు తెచ్చిన పట్టునూలు ఒక్కొక్కప్పుడు చీనాదేశమునుండి ఏల వచ్చుచున్నది, అది చౌకయైనపుడు హిందూపురపు రైతు ఏల కలవరపడుచున్నాడు అని యడిగినచో వాడు నోరు మెదపలేడు. ఆ ప్రశ్న వాని పుస్తకములో లేదు. వాని యింటి యన్నమునకు సంబంధించిన ప్రశ్న మాత్ర మదియే.

ఆసియాఖండమునందలి దేశముల చరిత్రమును, వానితో మనకు గల సంబంధములను బడిపిల్లలకు బోధింపవలెనని విద్యావంతులు పలుమాఱు చెప్పుచున్నారు. ఆ మాటతో మాకు పూర్తిగా నేకీభావము కలదు. అయితే దాని నెచట మొదలుపెట్టవలెనన్న విషయమున మా యభిప్రాయ మొకటి కలదు. చీనా రాజవంశముల పట్టికతోను, జపాను రాజధానుల పేళ్లతోను మొదలుపెట్టిన ఆసియా పాఠము పిల్లవాని నెత్తిపై మఱియొక బరువగును. తన యూరి కోటతో, తన వీధి మగ్గముతో, తన తల్లి వంటయింటి మాటతో మొదలైన పాఠము వాని బుద్ధికి పట్టును. దీనిని హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు పట్టణముల యుదాహరణముతో నిరూపింప యత్నింతుము. ఇవి చిరకాలము అనంతపురము జిల్లాలో నుండి, 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ఇచట రేవులేదు, సముద్రపుగాలి లేదు, వానయు తక్కువ. ఇట్టి మెట్టసీమలో ఆసియా కనబడినచో తక్కిన తెలుగునాట నెచటనైనను కనబడును.

మొదట పట్టును తీసికొందము. మల్బరీయాకు మేపి పురుగును పెంచి, దాని గూటినుండి దారము తీయు విద్య చీనాలో పుట్టినది. సింధునాగరికతకు చెందిన హరప్పాలో అడవిపట్టు దారపు తునకలు దొరకినవి గాని, మనము నేడు కట్టు మల్బరీపట్టు చీనావారి సృష్టియే. లేజు అను రాణి వేడినీటి పాత్రలో పడిన గూటినుండి దారము సాగుట చూచి యీ విద్యను కనిపెట్టెనని వారి కథ. కౌటిల్యుని యర్థశాస్త్రము చీనాపట్టును పేర్కొనుచున్నది. కాళిదాసు శాకుంతలమున చీనాంశుకమను మాట కలదు. ఈ రహస్యము పడమటికి చేరుటకు చాల కాలము పట్టెను. సుమారు 552లో, జస్టీనియను చక్రవర్తి కాలమున, కొందఱు సన్న్యాసులు పట్టుపురుగు గ్రుడ్లను కానిస్టాంటినోపిలునకు చేర్చిరని ప్రొకోపియస్ అను గ్రీకు చరిత్రకారుడు వ్రాసెను. ఒక పురుగు గ్రుడ్డు రాజ్యముల ధనాగారములను కదలించిన కథను విని యే బాలుడు చెవియొగ్గకుండును?

అచటినుండి హిందూపురమునకు వచ్చుట కష్టముగాదు. 18వ శతాబ్దపు చివరిభాగమున టిప్పుసుల్తాను వంగదేశమునుండియు, అరేబియాలోని మస్కటునుండియు పట్టుపురుగులను తెప్పించి మైసూరు రాజ్యమున నీ పరిశ్రమను నాటించెను. నాడు పెనుకొండ సీమయు మైసూరు పాలనములోనిదే. 1799లో టిప్పు పతనమైన తరువాత నిజామునకు చెంది, 1800లో కుంఫిణీవారికి దత్తమండలములలో భాగముగా చేరెను. అటుపై 1893లో జపానుదేశమునకు పోయి వచ్చిన జంషెట్జీ టాటా, అచటి పద్ధతులను మెచ్చి, ఆ శతాబ్దము ముగియకముందే బెంగుళూరులో పట్టుక్షేత్రము నొకదానిని స్థాపించి, బోధించుటకు జపానీయ దంపతులను పిలిపించెను. నూఱేండ్ల తరువాత జపాను మరల వచ్చెను. 1991లో మొదలైన యుభయదేశముల సహకార ప్రణాళికవలన మైసూరులోని కేంద్ర పరిశోధనాలయమున బైవోల్టిన్ జాతి పురుగుల పెంపకము వృద్ధిపొందెను. అచట సిద్ధమైన సి.ఎస్.ఆర్. రకములు దక్షిణదేశపు రైతుల పాకలకు చేరినవి. హిందూపురమునకు చేరువనున్న కిరికెరలో మన రాష్ట్రపు పట్టుపరిశ్రమ పరిశోధనాసంస్థ కలదు. చంద్రికలపై పురుగుల నెక్కించి రాత్రులు మేలుకొను రైతునకు తెలియకపోవచ్చును గాని, వాని పాకలోని పురుగునకు చీనా, అరేబియా, వంగము, జపాను నాలుగును పుట్టినిండ్లే.

ఇందు స్త్రీల పాలెంత యన్నదియు పిల్లలకు చెప్పవలెను. కథలో రాణి వేడినీటనుండి గూటిని తీసినది. నేడు దారము తీయు కార్ఖానాలలో పేదయింటి స్త్రీలు కాగునీటిలో దినమంతయు వ్రేళ్లు ముంచి, చర్మము చెడి, చాలని కూలితో ఇంటికి పోవుచున్నారు. రాణి పేరు నిలిచినది. వీరి పేళ్లు ఏ గ్రంథమునను లేవు. పట్టుచరిత్రము చెప్పు నుపాధ్యాయుడు రాణికథతో నాగిపోయినచో సగము సత్యమే చెప్పినవాడగును.

ఇక నొక చిక్కు కలదు. అదియే యీ పాఠమునకు ప్రాణము. హిందూపురపు రైతు పట్టుగూళ్లను అమ్ముకొనువాడు. ధర్మవరపు నేతగాడు పట్టునూలును కొనుక్కొనువాడు. వారిద్దఱి నడుమ దూరము ఒకపూట ప్రయాణమునకు మించదు. చీనాపట్టు మన దేశమునకు చౌకగా వచ్చినచో గూళ్లధర పడిపోయి రైతు నష్టపోవును. దానిని సుంకములతో నాపినచో నూలుధర పెరిగి నేతగానికి మగ్గము గిట్టదు. చీనా ముడిపట్టు మన యంగళ్లలో నతిచౌకగా కుమ్మరింపబడుచున్నదని 2003లో కేంద్రప్రభుత్వము దానిపై ప్రత్యేక సుంకము విధించెను. 2011 నాటి బడ్జెటులో ముడిపట్టుపై దిగుమతి సుంకమును నూటికి 30 నుండి 5కు తగ్గించెను. నేతవారు సంతసించిరి, గూళ్లధరలు దిగజారి రైతులు ఆందోళన చేసిరి. 2013లో ఆ సుంకమును మరల 15కు పెంచిరి. ఢిల్లీలో నొక యంకె మాఱిన నిచట నొకయింట పొయ్యి రాజును, వేఱొక యింట నాఱును. ధర్మవరములో నేతవారు అప్పులపాలై ప్రాణములు తీసికొన్న వార్తలను మన మెన్నిమాఱులు చదువలేదు? దానికి కారణములు పెక్కులు: మరమగ్గముల పోటీ, వడ్డీలు, జరీధరలు, వ్యాపారుల బాకీలు. నూలు ధరయు వానిలో నొకటి. ఒకే తరగతిలో ప్రక్కప్రక్కన కూర్చుండు రైతుబిడ్డయు నేతబిడ్డయు ఈ విషయమును కలిసి విచారించినచో, ఒకరి లాభము వేఱొకరి నష్టముగా నేల పరిణమించుచున్నదో గ్రహింతురు. చీనాను గూర్చి తెలియని చదువు వారి కీ విచారమున నక్కఱకు రాదు.

పట్టునుండి కోటకు పోదము. 1565 జనవరి 23వ తేదీన తళ్లికోట యుద్ధమున అళియ రామరాజు హతుడైనపిమ్మట, ఆతని తమ్ముడు తిరుమలరాయడు సదాశివరాయలను వెంటబెట్టుకొని పెనుకొండ చేరెను. సుమారు 1592లో వేంకటపతిరాయలు చంద్రగిరికి రాజధానిని మార్చువఱకు ఘనగిరియే విజయనగర రాజ్యమునకు గద్దెయై యుండెను. ఇంతవఱకు మన పుస్తకములలో నున్నదే. ఆ రాజ్యము ఆసియాఖండమునందలి సంతలతో నెట్లు ముడిపడియుండెనో మాత్రము పిల్లలకు చెప్పువారు తక్కువ.

ఆ ముడి గుఱ్ఱము. మన దేశమున మేలుజాతి గుఱ్ఱములు చాలినన్ని పుట్టవు. అరేబియా పారసీక దేశములనుండి హోర్ముజు రేవుమీదుగా నావలలో నవి పడమటితీరమునకు వచ్చుచుండెను. ఏటేట 13,000 గుఱ్ఱములను రాయలు కొనుచుండెనని న్యూనిజ్ అను పోర్చుగీసువాడు వ్రాసెను. ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టమున కృష్ణదేవరాయలు రేవులను బాగుచేసి గుఱ్ఱములను ఏనుగులను తెచ్చు విదేశవర్తకులను ఆదరింపవలెనని చెప్పినది కేవల కవిత్వముకొఱకు గాదు. అంతకు పూర్వమే, 1443లో, హీరాతునగరమునుండి షారూఖు సుల్తాను పంపగా అబ్దుల్ రజాకు అను రాయబారి రెండవ దేవరాయల కొలువునకు వచ్చి తాను చూచినదంతయు వ్రాసిపెట్టెను. ఆ షారూఖే 1419లో చీనాకును రాయబారులను పంపియుండెను. విజయనగరమును, చీనా రాజధానియు, నడుమ హీరాతును: ఈ మూటిని పటమున దారముతో కలిపి చూపినచో, ఆసియా యనగా నేమో తరగతికి కంటితో గనబడును.

తళ్లికోట తరువాత నీ వర్తకము చెదరిపోయెను. 1567లో వెనిసునగర వర్తకుడు సీజరు ఫ్రెడరిక్ శిథిలమైన విజయనగరమున ఏడునెలలుండెను. రాజు ఎనిమిది దినముల ప్రయాణము దూరమున నున్న పెనుకొండకు తరలిపోయెనని యాతడే వ్రాసెను. గుఱ్ఱములను తెచ్చిన వర్తకులు వెల ముట్టక వట్టిచేతులతో మరలిరని కూడ ఆతని కథనము. రాజ్యము పతనమైనదని చెప్పుటకంటె, దూరదేశపు వర్తకునకు దానిపై నమ్మకము పోయినదని చెప్పిన పిల్లలకు పతనమన్న మాట బాగుగా నర్థమగును.

పెనుకొండలో కోట యొక్కటియేగాదు. పార్శ్వనాథుని జైనాలయము కలదు. గగనమహలులో తోరణపు కమానులును, మన దేవాలయ శిఖరమును ఒకే కప్పుక్రింద చేరియున్నవి. బాబయ్య దర్గా కలదు. బాబా ఫక్రుద్దీను ఇరానునకు ఆఫ్గనిస్థానమునకు నడుమనున్న సీస్తానులో రాజై యుండి, రాజ్యము విడిచి వచ్చి, తిరుచినాపల్లిలోని నత్తరువలీకి శిష్యుడయ్యెననియు, గురువిచ్చిన యెండుపుల్ల యెచట చిగిర్చిన నచట నిలువవలెనని యానతిచ్చెననియు, ఆ పుల్ల పెనుకొండలో చిగిర్చెననియు భక్తుల నమ్మకము. ఉరుసునకు హిందువులును ముసల్మానులును కూడివత్తురు. ఈ కథలోని చరిత్రాంశ మెంత యన్నది పండితుల పని. బాలునకు కావలసినది వేఱు: తన యూరి దర్గాపేరు చెప్పగానే సీస్తాను ఎచటనున్నదో వాడు పటములో వెదకవలెను. పొరుగింటి వాని మతము పరాయిదని గొణుగు నోళ్లు పెరుగుచున్న యీ కాలమున, ఈ మన్నుతో నేడెనిమిది వందల యేండ్లుగా నల్లుకొనిపోయిన భక్తి నెఱుగుట చరిత్రజ్ఞానమే కాక, కలిసి బ్రదుకుటకు కావలసిన బుద్ధియు నగును.

పాతకాలము చాలును; నేటి పెనుకొండను చూతము. మండలములోని ఎఱ్ఱమంచి గ్రామమున దక్షిణకొరియాకు చెందిన కియా మోటారుకార్ల కర్మాగారము 2019 డిసెంబరులో ప్రారంభింపబడెను. వేరుసెనగ పండిన నేలపై కార్లు పుట్టుచున్నవి. కొరియానుండి వచ్చిన యింజనీర్లు ఇచట నివసించుచున్నారు. మన పిల్లలకు వారు జీతమిచ్చు దొరలుగానో, వింతమాట లాడు పరదేశులుగానో కనబడుచున్నారు. 8వ శతాబ్దమున హేచో అను కొరియా భిక్షువు బుద్ధుని పవిత్రస్థలములను చూచుటకు మన దేశమంతయు తిరిగి యాత్రాగ్రంథము వ్రాసెననియు, అది వేయేండ్లకు పైగా మరుగుపడి 1908లో చీనాలోని దున్‌హువాంగు గుహలలో బయటపడెననియు వారికి చెప్పినవారున్నారా? 1910 నుండి 1945 వఱకు కొరియా జపానునకు దాస్యము చేసెననియు, 1950–53 యుద్ధమున మిక్కిలి దెబ్బతినెననియు, ఆ యుద్ధమున మన సైనిక వైద్యదళము గాయపడినవారికి సేవచేసెననియు, యుద్ధఖైదీల చిక్కును తీర్చుటకు మన జనరలు తిమ్మయ్య యచటికి పోయెననియు తెలిసిన బాలుడు, ఫ్యాక్టరీ గేటువద్ద కొరియావానిని చూచినపుడు భయపడడు, వంగిపోడు. తనవలెనే దాస్యమెఱిగిన దేశపు మనిషిని చూచునట్లు చూచును.

గృహిణులును ఈ విద్యలో నుపాధ్యాయినులు కాగలరు. అనంతపురపు సీమలో తియ్యనారింజను చీనీకాయ యందుము. అది చీనాను తలపించు మాట. కోస్తావారు దానినే బత్తాయి యందురు. అది జావాద్వీపమున డచ్చివా రేలిన బతావియా, నేటి జకార్తా, పేరు. వేరుసెనగ అమెరికాఖండమున పుట్టినదైనను తమిళులు దానిని మణిలాకొట్టై యందురు. ఫిలిప్పీను దీవుల రాజధాని పేరు గింజకు నిలిచినది. చీరయంచున మెఱయు జరీ పారసీకుల బంగారము. తల్లి కూరలు తరుగుచు నీ నాలుగు మాటలు చెప్పగలిగినచో ఆసియా పటమున నాలుగు చోట్లు బిడ్డ మనసున నాటుకొనును. ఇందులకు పట్టపరీక్ష లక్కఱలేదు.

తెలుగువారికి ఈ చూపు క్రొత్తదిగాదు. 3వ శతాబ్దమున ఇక్ష్వాకు వీరపురుషదత్తుని కాలపు నాగార్జునకొండ శాసనమొకటి సింహళ భిక్షువులను కీర్తించుచు కాశ్మీర గాంధారములతోపాటు చీనానుగూడ పేర్కొనినది. అనంతపురపు సీమకు పొరుగుననున్న మదనపల్లెకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు వచ్చి, దివ్యజ్ఞానకళాశాలలో బసచేసి జనగణమన గీతము నాంగ్లమునకు మార్చెను. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరము వ్రాసెను. ఆమె భర్త జేమ్స్ కజిన్స్ ఆ యేడే జపానునకు పోయి టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయమున బోధించెను. ఠాకూరు 1937లో శాంతినికేతనమున చీనాభవనమును తెఱచెను. స్వాతంత్ర్యమునకు ముందే, 1947 మార్చిలో, ఢిల్లీ పురానాఖిల్లాలో ఆసియా దేశముల సమావేశము జరిగెను. పెద్దలు త్రోవ చూపిరి. ఆ త్రోవ బడిగుమ్మము దాటి లోనికి రాలేదు.

పాఠ్యపుస్తకములలో నేమియు లేదనుట న్యాయముగాదు. 2014లో వచ్చిన పదవతరగతి సాంఘికశాస్త్రమున చీనా, వియత్నాముల విముక్తిపోరాటములు చేర్చిరి. అది మెచ్చదగినపని. అయితే అట్టి పాఠములు పరీక్షకు ముందు హడావిడిగా ముగింపబడి, పిల్లవాని బ్రదుకుతో ముడిపడక పోవుచున్నవి. ఈ ముడివేయుట ప్రభుత్వము చేయుపనిగాదు; ప్రధానోపాధ్యాయుడు చేయవలసినపని.

ఆయన కేమి వీలున్నదని యడుగవచ్చును. వీలు కలదు. 2020 నాటి జాతీయవిద్యావిధానము 6 నుండి 8వ తరగతివఱకు చదువు పిల్లలకు పుస్తకముల సంచి లేకుండ పదిదినములు స్థానిక వృత్తులవారియొద్ద నేర్చుకొను వీలు కల్పింపవలెనని చెప్పుచున్నది. ఆ దినములలో రెండు మగ్గమువద్దను, రెండు గూళ్ల మార్కెట్టులోను, ఒకటి కోటలోను గడుపవచ్చును. పోవుటకు ముందు పటముపై గుర్తులు పెట్టవలెను. వచ్చినపిమ్మట పిల్లలు తాము విన్నదానిని సొంతమాటలలో వ్రాయవలెను. పట్టుపురుగు జీవితమును విజ్ఞానశాస్త్రపు పంతులును, సుంకముల లెక్కను గణితపు పంతులును, చీనీ బత్తాయి జరీ మాటలను తెలుగుపంతులును, హోర్ముజు త్రోవను సాంఘికశాస్త్రపు పంతులును చెప్పినచో క్రొత్త విషయమేదియు కాలపట్టికలో చేర్చనక్కఱలేదు. ఉపాధ్యాయులు నెలకొకసారి కూడి, ఎవరేమి చదివిరో చెప్పుకొనుట మాత్రము తప్పనిసరి. ముందు పంతులు నేర్వక పిల్లవాడు నేర్వడు.

రెండు తప్పులనుండి జాగ్రత్తపడవలెను. 1926లో కలకత్తాలో బృహత్తరభారత పరిషత్తును స్థాపించిన పండితులు జావా, కంబోడియాల చరిత్రమును వెలికితీసి గొప్పసేవ చేసిరి. కాని ఆ దేశములన్నియు మన వలసలే యన్న గర్వము వారి వ్రాతలలో చొచ్చెను. మనము చీనావారి పురుగును, జపానువారి విద్యను, అరబ్బుల గుఱ్ఱమును పుచ్చుకొన్నవారము. ఇచ్చినది చెప్పునపుడు పుచ్చుకొన్నదియు చెప్పవలెను. రెండవ తప్పు, ఆసియా యంతయు నన్నదమ్ముల యిల్లని బొంకుట. కొరియాను జపాను అణచెను. 1962లో చీనాకును మనకును యుద్ధము జరిగెను. ఇవి దాచి చెప్పిన స్నేహము పిల్లవాడు పెద్దవాడైనపిమ్మట నిలువదు.

పరీక్షలో మార్కులు రాని చదువేల యని తలిదండ్రులు కొందఱందురు. వారి కొకటే మనవి. మీ బిడ్డ రేపు గూళ్ల నమ్మవలసివచ్చినను, మగ్గము నేయవలసివచ్చినను, కొరియావారి కర్మాగారమున పనిచేయవలసివచ్చినను, వాని జీవనము నిర్ణయించు మాటలు కొన్ని ఢిల్లీలోను, మఱికొన్ని షాంఘైలోను, సియోలులోను పుట్టును. ఆ మాటలను అర్థముచేసికొనగల బిడ్డ కావలెనా, అవి వచ్చి మీదపడువఱకు తెలియని బిడ్డ కావలెనా యన్నది మీరే నిర్ణయింపవలెను. పెనుకొండ, హిందూపురము, ధర్మవరములలోని ప్రధానోపాధ్యాయులు ఈ సంవత్సరమున నొక్క తరగతికి, ఒక్క వస్తువుతో, ఒక్క పటముతో నారంభించిన చాలును. పట్టుచీర యొకటి యందఱి యిండ్లలోను కలదు.